రెండుసార్లు చచ్చిన పచ్చిక

ఉద్యాన డిప్లొమా పూర్తి చేసి, మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసు తోటల్లో పనికి కుదిరిన పిల్లలు ఈ మధ్య చందానగర్‌లోని మా ఇంటికి వచ్చి కలుస్తున్నారు. ఏ మొక్కకు ఏ మందు, ఏ నెలలో ఏ ఎరువు అని అడిగి నోట్సు రాసుకుంటారు. నాకు తెలిసినంత చెబుతాను. వాళ్లు టీ తాగి వెళ్లిపోయాక మాత్రం, అసలు చెప్పవలసిన మాట లోపలే ఉండిపోయిందని అనిపిస్తుంది. మందుల పేర్లు డబ్బాల మీద ఉంటాయి. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఏ డబ్బా మీదా రాసి ఉండదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

రాతి మీద పచ్చదనం

నా పేరు శ్యామల. మాది బందరు దగ్గర ఉప్పునేల ఊరు. పెళ్లయి హైదరాబాదు వచ్చాక, ఆఫీసులకు తోటలు వేసి వాటి బాగోగులు చూసే ఒక చిన్న సంస్థలో చేరాను, అక్కడే రిటైరయ్యాను. యజమాని ప్రసాద్ గారు. ఆయనదీ కోస్తానే. చెట్టంటే ప్రాణం పెట్టే మనిషి. కానీ క్లయింటు ఫోను మోగితే ఆ ప్రాణం కాస్తా గొంతులోకి వచ్చేది.

ఈ ప్రాంతంలో మా పని ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెబుతాను. గుట్టను పేల్చి బిల్డింగు కడతారు. కట్టడం అయ్యాక మిగిలిన రాళ్లు, ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు చదును చేసి, పైన జానెడు ఎర్రమట్టి పోయిస్తారు. అప్పుడు మమ్మల్ని పిలిచి, "ఇనాగరేషన్‌కి ఇంకా రెండు నెలలుంది, అంతా గ్రీన్‌గా కనిపించాలి" అంటారు. కనిపించాలంటారు, బతకాలనరు. ఆ రెంటి మధ్యనే నా ఉద్యోగమంతా గడిచింది.

నేను చేరిన కొత్తలో మావాళ్లు ఒక ఆఫీసు ప్రహరీ వెంట వరుసగా చెట్లు నాటారు. మూడేళ్లు నిగనిగలాడాయి. ఒక మే నెల గాలివానకు ఒకదాని తర్వాత ఒకటి ఒరిగిపోయాయి. వెళ్లి చూస్తే, నర్సరీ నుంచి వచ్చిన నల్ల ప్లాస్టిక్ సంచి వేళ్ల చుట్టూ అలాగే ఉంది. తొందరలో సంచి చింపకుండానే నాటేశారు. వేళ్లు అందులోనే చుట్టలు చుట్టుకుని పెరిగాయి. పడిపోయిన చెట్ల మధ్య నిలబడి ప్రసాద్ గారు, "మొక్క అబద్ధం చెప్పదండీ శ్యామల గారూ. నిజం చెప్పడానికి కాస్త టైము తీసుకుంటుంది, అంతే" అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. కానీ అవసరమైన రోజున గుర్తు రాలేదు.

గింజ చల్లిన పచ్చిక

రిటైరు కావడానికి నాలుగైదేళ్ల ముందు సంగతి. ఒక పెద్ద ఐటీ ఆవరణలో కొత్త బ్లాకు కట్టారు. దాని ముందు అర ఎకరం పచ్చిక వేయమన్నారు. మామూలుగా మేం నర్సరీలో పెరిగిన గడ్డిని చాపల్లా కోయించి, లారీలో తెచ్చి పరిచేస్తాం. ఆ గడ్డితో పాటు కలుపు కూడా వస్తుందని అక్కడి ఇంజినీర్లు వద్దన్నారు. గరిక జాతి విత్తనం తెప్పించి చల్లమన్నారు. చల్లడానికి ఫిబ్రవరి మంచి కాలమే. మట్టి దుక్కి చేయించి, మాగిన ఎరువు కలిపి, గింజను ఇసుకతో కలిపి చల్లించాను.

నీళ్లు పెట్టే బాధ్యత అంజమ్మకు అప్పగించాను. ఆమెకు నలభై అయిదు దాటి ఉంటాయి. ఊరు శంకర్‌పల్లి వైపు, ఉండేది బోరబండలో. ఆ ఆవరణలో మా తరఫున నాలుగేళ్లుగా పనిచేస్తోంది. తక్కువ మాట్లాడేది. చెప్పిన టైముకు ఐదు నిమిషాలు ముందే వచ్చి ఉండేది. తోట కోసం నేలలో కట్టిన నీళ్లతొట్టి, సంపు నుంచి పైపు లాగి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సన్నటి జల్లుగా తడపమని చెప్పాను. ఆ సంపులోకి వచ్చేవి వాడేసిన నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు నుంచి వచ్చే నీళ్లు. ఇక్కడ ఏ ఆఫీసులోనైనా తోటకు అవే.

ఎనిమిదో రోజుకు మొలకలు వచ్చాయి. వంగి చూస్తే మట్టి మీద పచ్చటి నూగు. ప్రసాద్ గారు ఫొటోలు తీసి క్లయింటుకు పంపించారు. నేను మిగతా సైట్ల పనిలో పడి పది రోజులు అటు వెళ్లలేదు.

పచ్చిక పసుపు తిరుగుతోందని ఫోనొచ్చింది. నేను వెళ్లేసరికి ఎండుగడ్డి రంగులోకి వచ్చేసింది.

నేను రాసిన రిపోర్టు

ఆ మధ్యాహ్నం చూసినవన్నీ ఇప్పటికీ వరసగా చెప్పగలను. అర ఎకరం అంతా ఎండిపోయింది. ఒక్క చోట మాత్రం, సెక్యూరిటీ కేబిన్ పక్కన పది అడుగుల వెడల్పు పట్టీ పచ్చగా కళకళలాడుతోంది. దాని మీద వేపచెట్టు నీడ పడుతోంది. ఆ నీడలో అంజమ్మ టిఫిన్ డబ్బా, చెప్పులు.

కేబిన్‌లో ఉన్న గార్డును అడిగాను, అంజమ్మ రోజూ ఎక్కడ పనిచేస్తుందని.

"ఎక్కువ శాతం గిక్కడ్నే ఉంటది మేడం" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా బుర్రలో కథ మొత్తం తయారైంది. నీడపట్టున కూర్చుంది, కూర్చున్న చోట తడిపింది, మిగతాది వదిలేసింది. మట్టిని చేత్తో తాకితే పొడిగా ఉంది. మార్చి మధ్యాహ్నం రెండు గంటలకు హైదరాబాదులో ఏ మట్టయినా పైన పొడిగానే ఉంటుంది. కుర్పీ సంచిలోనే ఉంది. తీసి ఒక్కచోట కూడా తవ్వలేదు.

అంజమ్మను పిలిచాను. "రోజూ నీళ్లు పెట్టావా?"

"పెట్టిన మేడం."

"అంతా పెట్టావా?"

"అంత పెట్టిన. కానీ మేడం, ఆ నీళ్లు…"

అప్పుడే ఫోను మోగింది. అవతల కిరణ్, ఆ ఆవరణ వసతులన్నీ చూసే మేనేజరు. ముప్ఫై దాటని కుర్రాడు, మర్యాదస్తుడు, ఎప్పుడూ హడావుడి. "మేడం, పైనుంచి ప్రెషర్ ఉంది. రూట్ కాజ్ ఏంటో ఈరోజే మెయిల్‌లో పెట్టేయండి ప్లీజ్" అన్నాడు. మాట్లాడుతూ నేను కారిడార్ వైపు నడిచాను. అటునుంచి అటే ప్రసాద్ గారికి ఫోను చేశాను.

"ఎవరి పొరపాటో మనమే రాసేద్దామండి. లేకపోతే విత్తనం బాలేదని, మట్టి బాలేదని మన మీదే రాస్తారు" అన్నారాయన.

రాశాను. "నీటి ఎద్దడి వల్ల మొలకలు ఎండిపోయాయి. నీళ్లు పెట్టడంలో సిబ్బంది నిర్లక్ష్యం." కింద సంతకం. రూట్ కాజ్ అంటే వేరు దాకా వెళ్లి వెతికిన కారణం. నేను ఆ రోజు ఒక్క వేరును కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున అంజమ్మను పనిలోంచి తీసేశారు. పైపు చుట్ట చుట్టి గోడకు తగిలించి, కుర్పీ, కొడవలి గార్డుకు అప్పజెప్పి వెళ్లిపోయిందని చెప్పారు. నేను అక్కడ లేను. నిజం చెప్పాలంటే, లేకుండా చూసుకున్నాను.

రెండోసారి

మట్టి మళ్లీ కదిపించి, మళ్లీ గింజ చల్లించాం. ఈసారి వేరే సైటు నుంచి యాదయ్య అనే పెద్దాయనను తెచ్చిపెట్టాను. తప్పు జరగకూడదని రెండు రోజులకోసారి నేనే వెళ్లి నిలబడి, నీళ్లు పెట్టించాను. ఎనిమిదో రోజుకు మొలకలు వచ్చాయి. పద్దెనిమిదో రోజున ఆకు కొసలు పసుపు తిరిగాయి. నాలుగో వారానికి మొత్తం ఎండుగడ్డి.

ఈసారి కేబిన్ పక్కన పట్టీ కూడా మిగల్లేదు.

అప్పుడు కుర్పీ తీశాను. రెండు వేళ్ల లోతు తవ్వితే మట్టి చల్లగా, తడిగా ఉంది. దాహంతో చచ్చిన గడ్డి కాదు. మొలకను వేళ్లతో సహా పీకి చూస్తే, వేరు కొస గోధుమరంగుకు తిరిగి మాడినట్టుంది. మట్టి బెడ్డల అంచున తెల్లటి పొడి. వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

మా ఊళ్లో దీన్ని చౌడు అంటారు. చౌడు తేలిన పొలాల గట్ల మీద నడిచి బడికి వెళ్లినదాన్ని. ఏళ్ల తరబడి చదివిన చదువు ఆ క్షణంలో నా ముఖం మీద కొట్టినట్టయింది.

ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్నది తేలాలి. నీళ్లా, మట్టా? అదే సంపు నీళ్లు తాగే పాత పచ్చిక పక్క బ్లాకు ముందు బతికే ఉంది. అందుకని నీళ్లను అనుమానించలేదు. లారీల్లో వచ్చిన ఎర్రమట్టిలోనే ఉప్పు ఉందేమో అనుకున్నాను. కానీ మట్టి చెడ్డదైతే, అదే మట్టిలో మొదటిసారి కేబిన్ పక్కన పట్టీ ఎలా బతికింది? అప్పుడు బతికి ఇప్పుడు చచ్చింది. మధ్యలో మారింది మనిషి ఒక్కటే. అంజమ్మ అక్కడ ఏదో చేసింది. యాదయ్య అది చేయలేదు.

ఆ ఏదో ఏమిటో అంజమ్మను తప్ప ఎవరినీ అడగలేను. ఆమెను అడగాలంటే ముందు నేను ఆమె ఇంటి గుమ్మం దాకా వెళ్లాలి.

బోరబండలో

ఆదివారం పొద్దున చందానగర్‌లో లోకల్ రైలెక్కాను. హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, తర్వాత బోరబండ. పావుగంట ప్రయాణం. నాలుగేళ్లు నా కింద పనిచేసిన మనిషి ఇల్లు ఇంత దగ్గరని నాకు ఆ రోజే తెలిసింది.

ఇరుకు గల్లీలో కింది అంతస్తు గది. అంజమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచింది. ముఖంలో కోపం లేదు, ఆహ్వానమూ లేదు.

"కూసోండ్రి మేడం" అని కుర్చీ జరిపింది. పని పోయాక దగ్గర్లోని టిఫిన్ సెంటర్లో గిన్నెలు కడుగుతున్నానని, అడిగితే చెప్పింది.

"అంజమ్మా, ఆ కేబిన్ పక్కన గడ్డి ఎలా బతికింది?" అన్నాను. అంతకంటే మంచి మాటతో మొదలుపెట్టడం నాకు చేతకాలేదు.

"నేనే బతికిచ్చిన."

"ఎలా?"

"నల్లా నీళ్లు పోసిన, బకెట్లతోని. కేబిన్ ఎనక నల్లా ఉన్నది కద. మిగిలిన దానికి పైపు నీళ్లే పెట్టిన, మీరు చెప్పినట్టే పొద్దున సాయంత్రం. ఆ నీళ్లు మంచిగ లేకుండె మేడం. కాళ్ల పగుళ్లల్ల పడితే మండుతుండె. ఆరినంక చేతుల మీద తెల్లగ పొడి లేస్తుండె. మేము ఊర్ల ఆకుకూరలు పెట్టినోళ్లం. గసొంటి నీళ్లకు మొలక ఆగది, నాకెర్కే. అందుకే నా చేతనైన కాడికి నల్లా నీళ్లు మోసిన. మొత్తం మోయాల్నంటె నాతోని అయితదా?"

గార్డు చెప్పినది నిజమే. ఆమె ఎక్కువసేపు కేబిన్ దగ్గరే ఉంది. మంచినీళ్ల నల్లా దగ్గర బకెట్లు నింపుతూ.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు అంజమ్మా?"

ఆమె చేట కింద పెట్టింది. "చెప్పబోయిన. మీకు ఫోనొచ్చింది. మాట్లాడుకుంట అటే పోయిన్రు. మల్ల నన్నేమన్న అడిగిన్రా?"

ఆమె మళ్లీ చేట అందుకుంది.

"ఆడ సెక్యూరిటీల చేసేటాయన ఒకాయన మా గల్లీలనే ఉంటడు" అంది. "నీళ్లు పోయకుండ కూసొని గడ్డిని సంపిందంట అని అందరికి చెప్పిండు. పని పోతె ఇంకో పని దొరుకుతది మేడం. కూసొని తిన్నదాన్ని అన్నరు సూడుండ్రి, గది మనసుకు పట్టింది."

"మళ్లీ పనిలోకి వస్తావా? నేను మాట్లాడతాను."

"ఏ మొఖం పెట్టుకొని రావాలె? మీరు కాయితం మీద రాసిన్రు. ఆ కాయితం అట్లనే ఉన్నది. అది తప్పని అందరి ముంగట చెప్పుండ్రి. అప్పుడు వస్త."

సరేనన్నాను. వచ్చేటప్పుడు గల్లీ చివరి దాకా వచ్చి స్టేషన్ దారి చూపించింది. టీ మాత్రం ఇవ్వలేదు. ఆమె స్థానంలో నేనున్నా ఇచ్చేదాన్ని కాదు.

నాలుగు ట్రేలు, ఒక పైపు

అంజమ్మ మాట నాకు చాలు. మిగతావాళ్లకు చాలదు. మొదటిసారి రుజువు లేకుండా రాశాను, రెండోసారి అలా రాయదలచుకోలేదు.

మా ఇంటి మేడ మీద నాలుగు ట్రేలు పెట్టాను. రెంటిలో సైటులో మిగిలిపోయిన లారీ మట్టి, రెంటిలో మా కుండీల మట్టి. అన్నింటిలో అదే గింజ. ప్రతి జతలో ఒకదానికి సంపు నీళ్లు, రెండోదానికి కేబిన్ వెనక నల్లా నీళ్లు, క్యాన్లలో తెచ్చి పోశాను. నాలుగూ మొలిచాయి. మూడో వారానికి సంపు నీళ్లు తాగిన రెండు ట్రేలూ పసుపు తిరిగి పడిపోయాయి. నల్లా నీళ్ల ట్రేలు రెండూ పచ్చగా నిలిచాయి. మట్టి ఏదైనా ఒకటే. దోషం నీళ్లది.

మరి పాత పచ్చిక ఎలా బతికింది? వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూస్తే, దాని ఆకు కొసలు కూడా మాడి ఉన్నాయి. దూరం నుంచి కనిపించవు. గరిక మొండిది. ముదిరాక ఉప్పును ఓర్చుకుంటుంది. మొలకకు ఆ ఓర్పు ఉండదు.

కిరణ్‌కు చెబితే కంప్యూటర్‌లో ల్యాబు కాగితం తెరిచి చూపించాడు. "ప్రతి నెలా టెస్ట్ చేయిస్తున్నాం మేడం. అన్నీ లిమిట్స్‌లోనే ఉన్నాయి చూడండి."

"శాంపిల్ ఎక్కడ తీస్తారు బాబూ?"

"శుద్ధి ప్లాంటు నుంచి నీళ్లు బయటికొచ్చే చోట."

"గడ్డి తాగేది అక్కడ కాదు. సంపులోవి తాగుతుంది."

అతను ఒక్క క్షణం ఆలోచించి, లేచి నాతో వచ్చాడు. నీళ్లలో ముంచితే ఉప్పుశాతం చూపించే చిన్న మీటరు నా సంచిలో ఉంది. ప్లాంటు దగ్గర ముంచితే మామూలుగా ఉంది. సంపులో ముంచేసరికి అంకె ఎగిరిపోయింది. అంటే ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఉప్పు కలుస్తోంది. పైపు వెంట నడుచుకుంటూ పోయాం. కొత్త బ్లాకు వెనక పంపుగది దగ్గర, పక్కనుంచి ఇంకో పైపు వచ్చి మా పైపులో కలుస్తోంది. గదిలో గోడవారన ఉప్పు బస్తాలు.

పంపులు చూసే సలీం భాయ్ బయటికొచ్చాడు. ఈ ఉప్పేమిటని అడిగాను.

"సాఫ్ట్‌నర్‌ది మేడం. బోరు నీళ్లల్ల సున్నం మస్తుంటది. ఆ నీళ్లు మెత్తగయ్యేటందుకు మిషిన్ ఉంది. దాన్ని దినం ఇడిచి దినం ఉప్పునీళ్లతోని కడగాలె."

"కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి?"

"డ్రైనేజీలకే పోవాలె. కొత్త బ్లాకుది ఇంకా కలపలేదు కదా. జర కొన్ని రోజులు తోట సంపులకు ఇడువుమన్నరు, పైపులేసినోళ్లు. తోటకు నీళ్లు తక్కువైతున్నయి, మంచిదే అన్నరు."

"ఆ ఉప్పు నీళ్లకే గడ్డి చచ్చింది సలీం భాయ్."

అతని ముఖం చిన్నబోయింది. "అరె. నాకేమెరుక మేడం? గడ్డి ఎందుకు పోయిందో నన్నెవ్వరు అడగలే."

వారాల వ్యవధిలో ఇద్దరి నోట ఒకే మాట విన్నాను. ఆ ఆవరణలో గడ్డి ఎందుకు చచ్చిందో సగం అంజమ్మకు తెలుసు, సగం సలీం భాయ్‌కి తెలుసు. సంతకం పెట్టిన నాకు ఏమీ తెలియదు.

కేబిన్ దగ్గర

ప్రసాద్ గారికి అన్నీ చెప్పి, పాత రిపోర్టు తప్పని రాసి ఇస్తానన్నాను. అందరి ముందూ చెబుతానని కూడా అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "కాగితం మారుద్దామండి, కాదనను. అందరి ముందూ ఎందుకండీ? రేపు మనం ఏం రాసినా నమ్మరు."

"ఆమెను అందరి ముందే తీసేశాం కదండీ."

మళ్లీ తుడుచుకున్నారు. చివరికి, "ఎప్పుడో చెప్పండి, నేనూ వస్తాను. సంతకం మీదైనా కాగితం మీద పేరు నాది" అన్నారు. ప్రసాద్ గారి కింద పనిచేసినన్నాళ్లలో ఆయన మీద నాకు చాలాసార్లు విసుగు వచ్చింది. ఆ మాటతో అది చాలావరకు పోయింది.

ఒక సోమవారం పొద్దున గార్డులు డ్యూటీ మారే వేళకు కేబిన్ దగ్గర చేరాం. గార్డులు, తోటపనివాళ్లు, సలీం భాయ్, కిరణ్, ప్రసాద్ గారు. అంజమ్మ టిఫిన్ సెంటర్లో ఒక పూట సెలవు అడిగి వచ్చింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కాస్త దూరంగా నిలబడింది.

నేను కాగితం తీసి చదివాను. "గడ్డి చచ్చింది సంపులో కలిసిన ఉప్పునీళ్ల వల్ల. అంజమ్మ రోజూ చెప్పినట్టే నీళ్లు పెట్టింది. ఆ నీళ్లు బాగాలేవని అందరికంటే ముందు గుర్తించింది ఆమె. బకెట్లతో నల్లా నీళ్లు మోసి బతికించగలిగినంత బతికించింది. ఆమె నిర్లక్ష్యం చేసిందని నేను రాసింది అబద్ధం. మట్టి తవ్వకుండా, ఆమెను పూర్తిగా అడగకుండా రాశాను. తప్పు నాది."

అంజమ్మ గల్లీలో ఉండే గార్డు నేల చూపులు చూస్తున్నాడు. ప్రసాద్ గారు ఒక అడుగు ముందుకేసి, "మమ్మల్ని క్షమించమ్మా" అన్నారు. కిరణ్, "మేడం, ఆ పాత మెయిల్ ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ ఇది పంపిస్తాను" అన్నాడు. పంపించాడు కూడా.

అంజమ్మ క్షమించాననలేదు. ఫరవాలేదనీ అనలేదు. అలా అనకపోవడమే సరైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. "ఇన్న మేడం" అంది. తర్వాత సలీం భాయ్ వైపు తిరిగి, "ఆ పైపు యాడ కలిపిన్రో నాక్కూడ చూపియ్యు భాయ్" అంది. ఇద్దరూ పంపుగది వైపు నడిచారు. వాళ్ల వెనకే మేమూ నడిచాం.

మూడోసారి

ఉప్పునీళ్ల పైపు విడదీసి డ్రైనేజీకి కలిపారు. సంపు ఖాళీ చేసి కడిగించాం. పైన రెండు వేళ్ల మందం మట్టి ఎత్తివేయించి, జిప్సం చల్లించి, లోపలి ఉప్పు కిందికి దిగిపోయేలా మంచినీళ్లతో రోజుల తరబడి మట్టిని నానబెట్టి, ఆ నీళ్లు బయటికి పోయేలా కాలువ తీయించాం. ఈలోగా బ్లాకు ప్రారంభోత్సవం వచ్చింది. ఉత్త మట్టి మీద కుండీలు వరసగా పేర్చి కానిచ్చేశారు. లోకం మునిగిపోలేదు. గడువుకల్లా పచ్చగా కనిపించకపోతే ప్రాణాలు పోతాయన్నట్టు పరిగెత్తించిన వాళ్లెవరూ ఆ రోజు కిందికి కూడా చూడలేదు.

మృగశిర వానలు పడ్డాక మూడోసారి గింజ చల్లాం. అంజమ్మే చల్లింది. నీళ్లు పెట్టే ముందు రోజూ సంపులో నీళ్లు చేతిలోకి తీసుకుని నాలుకకు తగిలించి ఉమ్మేసేది. మీటరు ఇస్తానంటే, "అది మీరు పెట్టుకోండ్రి" అంది. ఆగస్టుకు పచ్చిక కమ్ముకుంది. మొదటిసారి కోత మిషన్ నడిపిన రోజున కోసిన గడ్డి వాసనకు ఆఫీసు పిల్లలు కాఫీ కప్పులతో బయటికొచ్చి నిలబడ్డారు.

ఒకరోజు నేను నెల రిపోర్టు రాసుకుంటుంటే అంజమ్మ వచ్చి నిలబడింది. "ఏం రాస్తున్నరు మేడం?"

చెప్పాను.

"నాకు చదువు రాదు. సంతకం పెట్టే ముంగట ఒక్కపారి చదివి ఇనిపియ్యుండ్రి. నా పని గురించి ఏం రాస్తున్నరో నాకు తెల్వాలె కద."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. న్యాయమైన కోరిక. ఆ రోజు నుంచి ఏ సైటు రిపోర్టయినా అక్కడ పనిచేసేవాళ్లకు చదివి వినిపించకుండా సంతకం పెట్టలేదు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. మా తోటి సూపర్‌వైజర్లు నవ్వారు. కానీ ఆ పది నిమిషాల్లో నేను నేర్చుకున్నది డిప్లొమాలో నేర్చుకున్న దానికంటే తక్కువేం కాదు. ఏ వాల్వు లీకవుతోందో, ఏ మూల రాత్రిపూట ఏసీ నీళ్లు కారుతున్నాయో, ఎక్కడ మట్టి కింద సిమెంటు పూడ్చారో అన్నీ అప్పుడే బయటికొచ్చేవి. కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదే. మొక్కను చూడండి, వేరును చూడండి, నీళ్లను రుచి చూడండి. అన్నింటికంటే ముందు, నీళ్లు పెట్టే మనిషి చెప్పేది చివరి దాకా వినండి. ఫోను మోగితే మోగనివ్వండి.

నేను రిటైరయ్యే వారం ముందు అదే ఆవరణలో చివరి రిపోర్టు రాశాను. వేరే చోటు నుంచి తవ్వి తెచ్చి నాటిన పొగడ చెట్లు అయిదు, ఆకులన్నీ రాలి మోడుల్లా నిలబడ్డాయి. చుట్టూ తిరిగి చూసి, అయిదూ చచ్చిపోయాయి, తీసేయాలని రాసి, అంజమ్మకు చదివి వినిపించాను.

"మూడోదానికి అట్ల రాయకుండ్రి" అంది.

ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, మొదలు దగ్గర బెరడును గోటితో గీకింది. లోపల సన్నటి పచ్చటి గీత కనిపించింది.

నేను కాగితం మీద 'అయిదు' కొట్టేసి 'నాలుగు' అని దిద్ది, సంతకం పెట్టాను.